అమ్మ చేతిలో పరాయి జడలు

కరోనాకు సూరత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి గానీ మా అమ్మ ఆగలేదు. పొట్టకూటికి ఊళ్లు వదిలి వచ్చిన ఆడవాళ్ల హక్కుల కోసం గల్లీ గల్లీ తిరిగిన మనిషి ఆమె. గల్లీ దాటనివ్వని ఆ రోజుల్లో వాళ్లే తమ తగువులతో మా గడప ముందుకు వచ్చేవాళ్లు. చీరల దారాలు కత్తిరించే పని చెప్పాపెట్టకుండా ఆపేసిన సేఠ్ మీద ఒకామె, ఇంట్లో ఖాళీగా కూర్చుని చెయ్యి చేసుకుంటున్న మొగుడి మీద ఇంకొకామె, నల్లా దగ్గర జుట్లు పట్టుకున్న ఇద్దరు.

ఎదురెదురుగా కూర్చోవద్దన్నారని అమ్మ వాళ్ల వెనక కూర్చునేది. కూర్చుంటే ఆమె చేతులు ఊరుకోవు. కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, జడ వేస్తూ, "చెప్పు బిడ్డా" అనేది. జడ ఇంకొకరి చేతిలో ఉంటే ఎంత కోపమున్నా లేచిపోలేరు మరి.

నాకు ఒళ్లు మండిపోయేది. ఆ నూనె మా ఇంటిది. ఆ "బిడ్డా" నాది. లోపల వంట చేస్తూ నా జుట్టు నేనే ముడేసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం స్టవ్ కట్టేసి, ముఖానికి చున్నీ చుట్టుకుని వెళ్లి ఆ వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చింది. నా జుట్టులో దువ్వెన దిగింది.

"చెప్పు బిడ్డా, ఎవలతోని లొల్లి?"

"మా అమ్మతోని."

దువ్వెన ఆగింది. నా తర్వాత కూర్చున్నామె తొందరపెట్టింది. "అక్కా, జర జల్ది కానియ్యి."

"గీమెది పెద్ద లొల్లి," అంది అమ్మ, మళ్లీ మొదటినుంచి చిక్కు తీస్తూ. "నువ్వు రేపు రా."