కత్తెర నా దగ్గరున్న రోజులు

మా వీధి చివర మెట్ల కింద గది ఒకటుంది. తలుపు తీస్తే ఎదురుగా కుట్టుమిషను, గోడవారగా బట్టలు కోసే బల్ల, దాని కింద రంగురంగుల ముక్కల గుట్ట. ఆ గదిలో కూర్చుని కుట్టే మనిషిని వీధంతా టైలరమ్మ అంటుంది. ఆమె నన్ను పిన్నీ అంటుంది. వరస ఎలా కలిసిందని అడక్కండి. ఈ వీధిలో సగం మందికి నేను పిన్నిని, మిగతా సగానికి అమ్మమ్మని.

టైలరమ్మ కత్తెర పెద్దది, బరువైనది. చెయ్యి ఒరుసుకోకుండా పిడికి ఎర్ర పేలిక చుట్టుకుంది. అప్పుడప్పుడు ఆ కత్తెర మా వంటింట్లో పంచదార డబ్బా వెనకాల ఉండేది. ఎందుకుండేదో చెప్పాలంటే ముందు స్కూలు యూనిఫాముల సంగతి చెప్పాలి.

ఆ ఏడాది టైలరమ్మకి పెద్ద దిగులు పట్టుకుంది. మిషను మీద దుప్పటి కప్పేసి, గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీకి పోతూ పక్కన టీ పెట్టి వెళ్తే, తిరిగొచ్చేసరికి మీగడ కట్టి అక్కడే ఉండేది. ఒక డాక్టరు దిగులుకి మాత్రలు రాసిచ్చాడు. కొన్నాళ్లకి లేచింది. అబ్బ, ఏం లేవడమది! గదంతా కడిగింది, పాటందుకుంది, దారిన పోయేవాళ్లని పిలిచి మరీ కొలతలు తీసుకుంది. నేను పాలకి వెళ్లేటప్పుడు మిషను చప్పుడే, పడుకోబోయేటప్పుడూ మిషను చప్పుడే.

"నిద్రపోవా తల్లీ?" అన్నాను.

"నిద్ర దండగ పిన్నీ! నాకిప్పుడు పది చేతులున్నట్టుంది."

వింతేమిటంటే ఆ మనిషిలో అలుపన్నది లేదు. కళ్లు మెరుస్తున్నాయి. వీధంతా సంబరపడింది, మాత్రలు బాగా పట్టాయన్నారు.

సరిగ్గా అప్పుడే పక్క స్కూలు వాళ్లు ఒక తరగతికి సరిపడా నీలం గుడ్డ తెచ్చిచ్చారు. టైలరమ్మ ఒక్కో పిల్లకి ఒక్కో రకం కాలరు పెట్టింది. ఒక పిల్లకి సీతాకోకచిలక రెక్కల్లాంటి చేతులు. ఒక పిల్లవాడికి జేబు వీపు మీద. హెడ్మిస్ట్రెస్ లబోదిబోమంటూ వస్తే, "అందరికీ ఒకే బట్టలేంటండీ, వాళ్లేమన్నా జైల్లో ఉన్నారా?" అంది. పిల్లలు ఎగిరి గంతులేశారు. వీపు జేబు వాడు చొక్కా విప్పనని ఒకటే ఏడుపు. కానీ కోసిన గుడ్డ మళ్లీ అతుక్కోదు కదా, స్కూలు పని పోయింది. మిగతా గిరాకీ కూడా జారుకుంది. కొన్నాళ్లకి నవ్వు ఆగింది. మళ్లీ దుప్పటి మిషనెక్కింది.

ఈసారి నేను పక్కన కూర్చుని ఉండగా, "నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు" అంది. ఆ మాట విన్నాక నా కాలు ఇంట్లో నిలవలేదు. పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని ఆరా తీసి, డ్రైవరు చేత లీవు పెట్టించి, ముగ్గురం వెళ్లాం.

"మీరేమవుతారు?" అని డాక్టరమ్మ నన్నడిగింది.

"పక్కింటావిడండీ," అన్నాడు డ్రైవరు. "వద్దన్నా వచ్చింది. కందకి లేని దురద కత్తిపీటకి."

"ఉండనీ," అంది టైలరమ్మ. ఆ రోజు ఆమె నోరు విప్పడం అదే మొదలు.

డాక్టరమ్మ చచ్చిపోవాలనిపిస్తోందా అని టైలరమ్మని సూటిగానే అడిగింది. నేను ఉలిక్కిపడ్డాను. టైలరమ్మ మాత్రం, తను మోస్తున్న మూట ఎవరో దింపినట్టు, అవునని తలూపి ఏడ్చింది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. "మామూలు కంటే మరీ హుషారుగా, నిద్ర లేకపోయినా అలుపు లేకుండా ఉన్న రోజులేమైనా ఉన్నాయా?"

"లేవండీ," అన్నాడు డ్రైవరు. "మధ్యలో బాగానే ఉండేది."

"బాగానే ఏంటి నాయనా!" అన్నాను. "వీపు మీద జేబు కుట్టడం బాగుండటమా?"

కాలరు దగ్గర్నుంచి కళ్ల మెరుపు దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. నా నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో అంటారు. ఆ రోజు నానకపోవడమే మంచిదైంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి విన్నది. ఆ దిగులూ ఆ హుషారూ రెండూ ఒకే జబ్బు ముఖాలనీ, దాన్ని బైపోలార్ అంటారనీ చెప్పింది. దిగులప్పుడే జనం ఆసుపత్రికొస్తారు, హుషారొస్తే జబ్బు తగ్గిందనుకుంటారు. ఒట్టి దిగులు మాత్రలే ఇస్తే కొందరిలో ఆ హుషారు ఇంకా పేట్రేగుతుందట. మందు మార్చింది. ఈ మందుకి అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి, నీళ్లు సరిగా తాగాలి, బాగున్నాను కదా అని సొంతంగా మానెయ్యకూడదు.

"ఈమెకి ముందుగా తగ్గేది నిద్రే," అంది. "అది కనిపెట్టే మనిషొకరు ఉంటే మంచిది."

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

కత్తెర ఆలోచన మాత్రం డాక్టరమ్మది కాదు, నాదీ కాదు. టైలరమ్మదే. మనిషి కుదుటపడ్డాక ఒక మధ్యాహ్నం మా గుమ్మంలోకొచ్చి చెప్పింది.

"పిన్నీ, హుషారొస్తే నేనెవరి మాటా వినను. ఇప్పుడు వింటున్నా కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. నువ్వు కత్తెర అడిగితే నేనివ్వాలి. తిడితే తిట్టించుకో, తీసుకోవడం మాత్రం మానకు. తప్పు కుట్టినా విప్పుకోవచ్చు. కోసేస్తే ఏం చేస్తాం?"

అలా అడగాల్సి వచ్చింది కొద్దిసార్లే. ఒకసారి "ముసలి గూఢచారీ!" అని తిట్టింది. "అవునే, ఇలా ఇయ్యి," అన్నాను. కత్తెర పంచదార డబ్బా వెనక్కి చేరేది, డాక్టరమ్మకి కబురు వెళ్లేది, మందు సరిచేసేవాళ్లు. మనిషి నెమ్మదించాక తనే వచ్చి నవ్వుతూ చెయ్యి చాపేది. ఏళ్లు గడిచాయి. స్కూలు పని కూడా తిరిగొచ్చింది. జేబులన్నీ ముందువైపే.

ఈ ఏడాది టైలరమ్మ నేను అడక్కుండానే కత్తెర పట్టుకొచ్చింది.

"మళ్లీనా?"

"నాకు కాదు పిన్నీ. చిట్టికి."

చిట్టి ఆమె కూతురు, కాలేజీలో చేరిన పిల్ల. అంతకుముందు కొన్ని నెలలు గదిలోంచి బయటికి రాలేదు, స్నేహితుల్ని వదిలేసింది, తిండి కెలికి లేచేది. వయసు అలాంటిదన్నారు అందరూ. ఇప్పుడు మెట్లన్నిటికీ పసుపు రంగు పూసింది. మూడు భాషలు ఒకేసారి నేర్చుకుంటోంది. తండ్రి కార్డుతో వీధివాళ్లందరికీ బహుమానాలు తెప్పించింది. నాకొచ్చినవి చక్రాల బూట్లు. నా మోకాళ్ల సంగతి తెలిసీ! ఎంత చురుకో పిల్ల అని వీధి మురిసిపోతోంది.

"రేపు వెళ్లిపోతుందట," అంది టైలరమ్మ. "మొన్న ఫోన్లో పరిచయమైనవాడితో వేరే ఊళ్లో వ్యాపారమట. నేను అడ్డం పడితే, నా రోగం దానికి అంటగడుతున్నా అంటుంది. ఊరుకుంటే నా పిల్ల ఏమైపోతుంది?"

ఇద్దరం వెళ్లాం. చిట్టి కుర్చీలో కూర్చుని, బల్ల మీది సంచిలో బట్టలు కుక్కుతోంది.

"అమ్మమ్మా, బూట్లు వేసుకున్నావా?"

"వేసుకుంటే నన్ను మొయ్యడానికి నలుగురు కావాలే."

టైలరమ్మ నేల మీద కూర్చుంది. "నిద్ర పట్టడం లేదా అమ్మా?"

"పట్టకపోవడమేంటి, నాకక్కర్లేదు! పది చేతులున్నట్టుంది!"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఆ మాట నాదే చిట్టీ," అంది తల్లి. "అచ్చంగా అదే అన్నాను, అప్పుడు."

"నేను నీలా పిచ్చిదాన్ని కాదు!"

సూది దిగితే వేలు వెనక్కి లాక్కున్నట్టు టైలరమ్మ ఒక్కక్షణం కళ్లు మూసుకుంది. తర్వాత కత్తెర తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

"ఇన్నాళ్లూ దీన్ని పిన్ని అడిగేది. ఇకమీదట నువ్వడుగు. నా నిద్ర తగ్గినట్టు నీకనిపిస్తే అడుగు, నేనిస్తా. నన్ను నువ్వు చూసుకో. నిన్ను చూసుకోవడానికి నాకూ ఒక్క అవకాశమియ్యి."

చిట్టి ఆ ఎర్ర పేలిక మీద వేలు తిప్పింది, ముడి విప్పి మళ్లీ కట్టింది.

"నా దగ్గర కత్తెర లేదుగా," అంది.

"ఉందిగా, నీ ఫోను. చేతిలోనే మోగుతోంది," అన్నాను.

ఫోను వంక చూసుకుంది. ఎత్తలేదు. "మీ డాక్టరమ్మ దగ్గరికి వస్తే, నాక్కూడా ఆ జబ్బే అంటే?"

"అంటే అననీ. నాకూ ఉంది, నేనిక్కడే ఉన్నాగా. కుడుతున్నాగా."

"కాదంటే?"

"కాదంటే ఆ బూట్లు నీ చేత్తోనే పిన్నికి తొడుగు."

చిట్టికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపలేక ఏడ్చింది. ఫోను మాత్రం ఇవ్వలేదు. ఆపేసి తన జేబులోనే పెట్టుకుంది. మర్నాడు ఆసుపత్రికి బస్సెక్కేటప్పుడు అడక్కుండానే తల్లి చేతిలో పెట్టింది.

అది తండ్రి నడిపే బస్సే. డాక్టరమ్మ చిట్టితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. ఈ వయసులో తొందరపడి పేరు పెట్టెయ్యననీ, తల్లికి ఉంది కాబట్టి తేలిగ్గానూ తీసుకోననీ చెప్పి, ముందు నిద్ర పట్టడానికి మందిచ్చింది. వారం వారం రమ్మంది.

తిరిగొచ్చేటప్పుడు కూడా అదే బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్న చిట్టి కాసేపు బయటికి చూసింది, కాసేపు నా చీర అంచు మడతలు పెట్టింది, ఉన్నట్టుండి తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఒళ్లోని సంచిలోంచి ఎర్ర పేలిక కనిపిస్తోంది. టైలరమ్మ ఊపిరి కూడా చూసి చూసి పీల్చింది. డ్రైవరు అద్దంలోంచి వాళ్లని చూశాడు. ఆ తర్వాత ఒక్క గుంతలో బండి పడనివ్వలేదు, ఒక్క హారను కొట్టలేదు.

వెనక సీట్లో పెద్దమనిషికి ఒళ్లు మండింది. "ఏమయ్యా డ్రైవరూ, బస్సు నడుపుతున్నావా, ఉయ్యాల ఊపుతున్నావా?"

"ఉయ్యాలే బాబూ," అన్నాను వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి. "నువ్వూ కాస్త కునుకు తియ్యి."