పైన నాలుగు వేళ్లు, కింద ఎనిమిది

1959 జూన్ 3: నా ఫుట్‌స్కేలుతో ఉస్తాద్ ఎర్ర రంగు కలిపారు.
జూన్ 11: నేను గీసిన ‘మ’ కడుపుతో ఉన్న ఎద్దులా ఉందన్నారు.
జూన్ 19: చాయ్ హోటల్లో నలుగురి ఎదుట, “మెట్రిక్ పాసైండు గని పిలగానికి చూపు పాస్ కాలే” అన్నారు.

ఇవి నా నోటుపుస్తకంలోని నమోదులు. తనకు జరిగిన అన్యాయాలను తేదీ వేసి రాసుకున్నవానికి ఎప్పటికైనా న్యాయం జరుగుతుందని ఆ కాలంలో గట్టిగా నమ్మేవాణ్ణి. (నమ్మకం పోయింది, అలవాటు మిగిలింది.) అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. కరీంనగర్‌లో దుకాణాల బోర్డులు రాసే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆయన దేన్నీ స్కేలుతో కొలిచేవారు కాదు. వేళ్లు ఆనించి, నాలుగడుగులు వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసేవారు, అంతే. ఆ కంటికి మసక కమ్ముతోందని బజారులో గుసగుసలు మొదలయ్యాయి. ఆ మాట ఖాయమైతే బోర్డులు రాసే మనిషికి ఇక పని ఉండదు.

ఆ సమయంలోనే పెద్దపల్లిలో ఒక బియ్యం మిల్లు సేటు తన ఎత్తైన గేటుకు పెద్ద రేకు బోర్డు రాయమన్నాడు. ఉస్తాద్ మిల్లు వసారాలో రేకు పరిచి, సుద్దతో పేరు గీసి, రంగు నింపే పని నాకు అప్పగించారు. చెల్లెలికి జ్వరమని కబురొస్తే మంథని వెళ్లారు. ఆయన బస్సెక్కగానే నేను స్కేలు తీశాను. అక్షరాలకు పైన నాలుగు వేళ్ల ఖాళీ, కింద ఎనిమిది. ముసలాయన పరువు నేనే కాపాడాలని తీర్మానించుకుని (ఎంతటి ఉదారుణ్ణో చూడండి), సుద్దగీతలు తుడిచి, పైన ఆరు, కింద ఆరు వచ్చేలా మళ్లీ గీసి రంగు నింపాను. లెక్క వెంట్రుకవాసి తప్పలేదు.

మూడో రోజు ఉస్తాద్ వచ్చేసరికి బోర్డు గేటెక్కింది. రోడ్డు మీంచి చూస్తే అక్షరాలన్నీ అలసిన కూలీల్లా కిందికి కుంగి ఉన్నాయి.

“గిదేంది ఉస్తాద్, నా పేరు జారి బస్తాల మీద పడేటట్టున్నది,” అన్నాడు సేటు. “నీ కండ్లు పోయినయని అందరంటుంటే నేనే నమ్మకపోతి.”

ఉస్తాద్ బోర్డును చూశారు. తరువాత నన్ను, నా జేబులోంచి తొంగిచూస్తున్న స్కేలును చూశారు.

“వయసాయె గద సేట్. నాదే తప్పు.”

నేను నోరు తెరవలేదు.

తిరుగు బస్సులో, “అట్లెందుకు చెప్పిన్రు ఉస్తాద్?” అని అడిగాను.

“నా కండ్లు ఎట్లయినా పోతున్నయి బేటా. నువ్వు ఇంక శానా బోర్డులు రాయాలె. గని యాదికుంచుకో, జనం బోర్డును నేల మీద పెట్టి చూడరు, తలెత్తి చూస్తరు. కింద జర జాగా ఎక్కువుంటెనే పేరు నిలవడ్డట్టుంటది.” చెయ్యి చాచి, “ఆ స్కేలిటియ్యి, రంగు కలుపుకుంట,” అన్నారు.

ఆ తరువాత ఆయనను పెద్ద బోర్డుకు ఎవరూ పిలవలేదు. బతికిన రెండేళ్లూ అత్తరు సీసాల చీటీలే రాశారు, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని. స్కేలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని అంచున ఎర్ర రంగూ ఉంది. నోటుపుస్తకంలో మాత్రం ఆనాటి పేజీ ఖాళీ.

కావున, మెట్రిక్ పాసైన ఆ పందొమ్మిదేళ్ల వ్యక్తికి ఇందుమూలముగా తెలియజేయునది: మిల్లు గేటు ముందు తాము ఏ కారణముచేత మౌనము వహించినారో లిఖితపూర్వకముగా సమాధానమీయవలెను. కాగితమునకు పైన నాలుగు వేళ్లు, కింద ఎనిమిది వేళ్లు ఖాళీ విడువవలెను. స్కేలు వాడరాదు.