ఒళ్లో ఐసు పెట్టె

పామర్రులో బస్సెక్కిన ఆ అమ్మాయికి సీటు దొరకలేదు. చేతిలోని ఐసు పెట్టెను కూర్చున్న నాకు అందిస్తూ, “కాస్త ఒళ్లో పెట్టుకోండి బాబాయిగారూ, వంచకుండా” అంది. నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్లు పట్టుకోవడం మా బస్సుల్లో మామూలే.

“చేపలా అమ్మా?” అన్నాను.

“కాదండీ. డాల్ఫిన్ మూత్రం.”

నా చేతులు పెట్టె మీంచి వాటంతటవే లేచాయి. ఆమె నవ్వింది. సముద్రంలో వలకు చిక్కిన డాల్ఫిన్‌ను వదిలేసే ముందు తీశారట; పరీక్ష కోసం ల్యాబ్‌కు తీసుకెళుతోందట.

“అందులో ఏం చూస్తారు?”

“ప్రోటీన్లండీ. ఏవి, ఎంత పోతున్నాయో చూస్తే కిడ్నీల సంగతి తెలుస్తుంది.”

“జబ్బు చేస్తే ఈదలేదుగా? చూస్తే తెలియదా?”

“చాన్నాళ్లు బాగానే ఈదుతుందండీ. పైకేం తెలీదు. పాపం, అది నోరు విప్పి చెప్పలేదు కదా.”

డాక్టరు నాకు రాసిచ్చిన అదే పరీక్ష చీటీ నెల రోజులుగా జేబులో నలుగుతోంది. సీసా పట్టుకుని నలుగురి ముందు నడవడం నామోషీ. నోరున్న నేను, ఇంట్లో అడిగినప్పుడల్లా “బాగానే ఉన్నానుగా” అంటూ వచ్చాను.

పటమటలో ఆమె పెట్టె తీసుకుని, “థాంక్సండీ” అంటూ దిగిపోయింది.

మర్నాడు ల్యాబ్‌లో, నింపిన సీసాను రుమాల్లో చుట్టబోయి ఆగాను. రెండు చేతులతో పట్టుకుని, వంచకుండా, అందరి మధ్యలోంచి తీసుకెళ్లి ఇచ్చాను.