గుర్రానికి చెప్పని మాట

వాన పట్టిందంటే మా ఆరోగ్య ఉపకేంద్రంలో ఫినాయిల్ వాసన ఓడిపోతుంది. తలుపు వెనక మేకుకు వేలాడే పాత తాడు చెమ్మ పీల్చుకుని గుర్రం వాసన వేస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయి ముక్కు మూసుకుని, "దీన్ని పారెయ్యకూడదా సిస్టర్?" అంటుంది. పారెయ్యను. అది ముత్తక్క తాడు.

నేను కిరందుల్ గనుల క్వార్టర్లలో పెరిగినదాన్ని. నర్సు ఉద్యోగం వచ్చి ఆవపల్లి అవతలి అడవి ఊళ్ళలో పడేదాకా, పెళ్ళి బారాత్‌లో తప్ప గుర్రాన్ని చూసి ఎరగను. ముత్తక్క, ఆమె భర్త సమ్మయ్య రోడ్డు లేని ఊళ్ళకు గుర్రం మీద రేషన్ బియ్యం చేరవేసేవాళ్ళు. వాటితోపాటే నా టీకాల పెట్టెలూ వెళ్ళేవి. సమ్మయ్య నవ్వే మనిషి. ముత్తక్కకు కోపం ముక్కు మీదే ఉండేది. మొదటిరోజు నేను గుర్రానికి ఎదురుగా నిలబడి, దాని కళ్ళలోకి చూస్తూ తాడు లాగాను. అది కాళ్ళు బిగబట్టింది.

"ఏంది సిస్టరమ్మా, దాంతోని కుస్తీ పడుతున్నవా? ఎవలన్న ఎదురుంగ నిలబడి గుడ్లురిమి చూస్తే నువ్వైనా వస్తవా?" అంది ముత్తక్క. భుజం పక్కన నిలబడమంది. పోవలసిన దిక్కే చూడమంది. ఒక్క డెక్క లేవగానే తాడు వదులు చెయ్యమంది. "లాగితే రాదు. వస్తదని నమ్మి నడువు, వస్తది."

ఆ వానాకాలమే సమ్మయ్య జ్వరం ముదిరి భద్రాచలం ఆసుపత్రిలో పోయాడు. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. మనిషి పోతే ఇంటివాళ్ళు ప్రతి పశువు దగ్గరికీ వెళ్ళి చెవిలో ఆ మాట చెప్పాలి. ముత్తక్క ఎడ్లకు చెప్పింది, మేకలకు చెప్పింది, గంప ఎత్తి కోళ్ళకు కూడా చెప్పింది. క్వార్టర్ల చదువు కదా, నేను లోపల నవ్వుకున్నాను.

పది రోజులకు ముసురు పట్టి వాగు పొంగింది. ఊరంతా గుట్ట ఎక్కుతోంది. గుర్రం మాత్రం వాగొడ్డు బీడులో ఉంది. సమ్మయ్య పోయాక దాన్ని ఎవరూ బయటికి తేలేదు. "అది రానిది నేను గుట్టెక్క" అని ముత్తక్క దిగిపోయింది. ఆమెను వదల్లేక నేనూ వెళ్ళాను.

పట్టపగలే. గుర్రం బీడు నడిమధ్య ఇప్పచెట్టు వైపు తిరిగి నిలబడి ఉంది, రెండు చెవులూ ముందుకు పెట్టి. చెట్టు కింద ఎవరూ లేరు. రోజూ ఆ వేళకు సమ్మయ్య అక్కడ కూర్చుని జావ తాగేవాడు. భుజం పక్కన నిలబడి నడిచాం, రాలేదు. బెల్లం చూపించాం, మూతి ఇటు తిప్పలేదు. కళ్ళకు తువ్వాలు కట్టాం. అప్పుడూ చెవులు చెట్టు వైపే. ఉండుండి సన్నగా సకిలించేది, దాణా తెచ్చే మనిషిని చూసినట్టు. అంతకన్నా భయపెట్టింది తాడు. నేను లాగడం మానేశాను. గుర్రం తల దించి ఊరికే నిలబడింది. అయినా అవతల ఎవరో పట్టుకున్నట్టు నా చేతిలో తాడు బిగిసే ఉంది.

నీళ్ళు గట్టు దాటి మా చీలమండలకు వచ్చాయి.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, దీన్ని వదిలేసి పోదాం."

ముత్తక్క నా మాట వినలేదు. "దీనికి చెప్పలే" అంది మెల్లగా. "అన్నిటికి చెప్పిన. దీని కాడికొస్తే నోరు రాలే. దీనికి చెప్తే ఇగ ఆయన నిజంగ పోయినట్టేనని..."

తువ్వాలు విప్పి, దాని చెవికి నోరు ఆనించింది. "సమ్మయ్య చచ్చిపోయిండు. ఇగ రాడు." తర్వాత చెట్టు వైపు తిరిగి, అన్నానికి ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి కసిరినట్టు అంది: "నువ్వు సుత వదులు ఇగ. నీళ్ళొస్తున్నయ్."

తాడు వదులైంది. గుర్రం ఒక డెక్క ఎత్తింది.

ఇప్పచెట్టు పక్కనుంచే నడిచాం. అంత వానలోనూ చెట్టు కింద మనిషి కూర్చున్నంత మేర గడ్డి అణిగి ఉంది. నేను చూస్తుండగా ఒక్కొక్క పోచా పైకి లేస్తోంది. ముత్తక్క చూసిందో లేదో అడగలేదు. మేము గుట్ట ఎక్కి వెనక్కి చూసేసరికి బీడు లేదు, నీళ్ళే ఉన్నాయి.

ఈ ఉద్యోగంలో ఎన్నో చావులు నా నోటితో చెప్పాల్సి వచ్చింది. "పెద్దాసుపత్రికి పంపారు" అని నాన్చను. పక్కన కూర్చుని, ఉన్నమాట చెబుతాను. ఇంట్లో చెవులు వినబడని ముసలమ్మ ఉంటే ఆమె దగ్గరికీ వెళ్తాను. నాది రాతిగుండె అని అంటారు. చెప్పకుండా వదిలేస్తే ఎదురుచూసేవాళ్ళు ఎక్కడ నిలబడి ఉండిపోతారో నేను చూశాను.

పోయిన ఎండాకాలం ముత్తక్క పోయింది. ఆమె మేనల్లుడు పశువులన్నిటికీ చెప్పాడట. "గుర్రానికి మాత్రం నువ్వే చెప్పాలె సిస్టరమ్మా, అది మా మాట వింటలేదు" అన్నాడు. బీడుకు వెళ్ళాను. ముసలిదైన గుర్రం ఇప్పచెట్టు వైపు చెవులు పెట్టి నిలబడి ఉంది. ముత్తక్క తాడు కట్టి నడిపించబోతే, తాడు బిగిసే ఉంది. ఎన్నో గడపల్లో పలికిన నోరు, దాని చెవి దగ్గర పెగల్లేదు. మెడ మీద చెయ్యి వేసి ఏడ్చాను. చాలాసేపటికి చెప్పాను.

తాడు వదులైంది. భుజం పక్కనే నడిచాను, పోవలసిన దిక్కే చూస్తూ. చెట్టు కింది గడ్డి వైపు మాత్రం చూడలేదు. చూసి అక్కడే నిలబడిపోతే, ఆ బీడులోంచి నన్ను నడిపించుకొచ్చే మనిషి ఇక లేదు.