రోకలి లేచినప్పుడు పలికే మాటలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు రోకళ్ళు ఉండేవి. ఒకటి మా అమ్మది. రెండోది, అమ్మకి జతగా ఎవరొచ్చి దంపితే వాళ్ళది. అమ్మ పోయాక రెండూ వసారాలో గోడకి చేరబడి నిలబడిపోయాయి. రోటి మీద మా నాన్న ఒక పాత తట్ట బోర్లించాడు. ఆ తట్ట తీసే ధైర్యం నాకు లేదు, తీయాలన్న మనసు ఆయనకి లేదు. అప్పట్నుంచీ బజారు బియ్యమే వండుకునేవాళ్ళం.

మాది నౌపడ. నాన్న ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. తెల్లారకుండా వెళ్ళి, పొద్దువాలాక మోకాళ్ళ దాకా తెల్లగా ఎండిన ఉప్పుతో ఇంటికొచ్చేవాడు. చెడ్డమనిషి కాదు. నన్ను ఒక్కనాడూ తిట్టలేదు, చెయ్యెత్తలేదు. కానీ పిలిచేవాడు కూడా కాదు. కంచం పెడితే తినేవాడు, గిన్నెలో నాకు సగం కంటే ఎక్కువే మిగిల్చేవాడు, చెయ్యి కడుక్కుని పడుకునేవాడు. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులుండీ మాట లేకపోతే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. బళ్ళో హాజరు వేసేటప్పుడు తప్ప నా పేరు నాకు వినపడని రోజులు చాలా ఉండేవి. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపిస్తే, ఎవరో నన్ను పిలిచినట్టు తలెత్తి చూసేదాన్ని.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. మాకు చుట్టం కాదు, కులం కాదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకి వెళ్ళేవాళ్ళ ఇంటి మనిషి. శ్రీకాకుళంలో మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, మా ఊరి చిన్న బళ్ళో పంతులమ్మగా చేసేది. భర్త ఖరగపూర్ వైపు పనికని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఊళ్ళో దాని గురించి నోటికొచ్చినట్టు చెప్పుకునేవారు. అక్క ఎవరికీ బదులు చెప్పేది కాదు. వాళ్ళింట్లో రోలు లేదు. అందుకని అమ్మ బతికుండగా ధాన్యం తెచ్చుకుని మా రోట్లో అమ్మతో జతగా దంపుకునేది. ఆ రెండో రోకలి ఎక్కువగా ఆవిడ చేతుల్లోనే నున్నబడింది. అమ్మ పోయాక రావడం మానేసింది. మొగుడు దగ్గర లేని ఆడది, పెళ్ళాం పోయిన మగవాడి గడప తొక్కితే ఊరు ఊరుకోదు కదా.

నాకు ఐదో తరగతి ముగుస్తూండగా ఆ అక్కే ఒకనాడు వీధిలో నిలబడి, పదిమంది వినేట్టు, మా నాన్నతో నా సంగతి మాట్లాడింది. తను చదివిన హాస్టల్లో తల్లి లేని పిల్లలకి చోటిస్తారు, తిండీ చదువూ వాళ్ళే చూసుకుంటారు, అక్కడ పెద్దగా ఉన్న దొరసాని ముందు ఇంగ్లీషు పాఠం పైకి చదివి వినిపించాలి, అంతే. నాన్న తలూపాడు. "సీటు రాకపోతే ఏటౌతాది. ఎండలు ముదిరేసరికి నాతోపాటు తట్ట ఎత్తుతాది" అన్నాడు. ఆయన కోపంతో అన్న మాట కాదది. నా ఈడు ఆడపిల్లలు అప్పటికే ఉప్పు తట్టలు మోస్తున్నారు. మా అమ్మ అరికాళ్ళు ఎలా పగిలి ఉండేవో నాకు గుర్తు. రాత్రిళ్ళు వాటికి ఆముదం రాసింది నేనే.

మా బళ్ళో అక్క చిన్న తరగతులకే చెప్పేది, మాకు ఇంగ్లీషు నేర్పింది ముసలి పంతులుగారు. ఆయన ఎక్కాలు ఎలా చెప్పించేవారో ఇంగ్లీషూ అలాగే చెప్పించేవారు. అందరం కలిసి, పెంకులు ఎగిరిపోయేట్టు అరవడమే. ప్రతి మాటా ఒకేలా గట్టిగా, ఒకేలా పొడుగ్గా, విడివిడిగా. 'ది. గర్ల్. వెంట్. టూ. ది. వెల్. ఫార్. ఏ. పాట్. ఆఫ్. వాటర్.' ఒక పిల్ల కుండెడు నీళ్ళ కోసం నూతికి వెళ్ళిందని దాని అర్థం. ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా వచ్చినట్టు. అందరిలోకీ నాదే పెద్ద గొంతు. ఇంట్లో వాడకుండా దాచుకున్న గొంతంతా బళ్ళోనే ఖర్చుపెట్టేదాన్ని.

నాన్న పని మానుకుని నన్ను రైల్లో ఆముదాలవలస దాకా, అక్కణ్ణుంచి బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. దొరసాని ముసలావిడ, కళ్ళు నీలంగా ఉన్నాయి. పుస్తకం చేతికిచ్చింది. ఆవిడ చెవులు చిల్లులు పడేట్టు చదివాను. చదివి, శభాష్ అంటుందని నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను, ఇంకా గట్టిగా. ఆవిడ నాన్న వైపు తిరిగి, వాళ్ళ బైబిలు తెలుగులో, "ఈ చిన్నది మిక్కిలి గట్టిగా చదువుచున్నది. అయితే ఏమి చదువుచున్నదో నాకు తెలియలేదు. కొన్ని వారములు పోయిన తరువాత మరల తీసుకొని రండి" అంది. దారి పొడుగునా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం నాకు కొత్త కాదు గానీ, ఆ రోజు మాత్రం అది నా మీదే ఉందనిపించింది.

మర్నాడు ఆదివారం. నాన్న మడులకి వెళ్ళిపోయాడు. ప్రార్థన నుంచి వచ్చిన అక్క తెల్లచీర మార్చుకుని, చంకలో ధాన్యం బుట్టతో నేరుగా మా వసారాలోకి వచ్చింది. ఎవర్నీ అడగలేదు. రోటి మీద తట్ట తీసి గోడకి ఆనించింది, రోలు కడిగింది, గింజలు పోసింది. తన రోకలి తను తీసుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏటే గుంటా, అలా సూస్తన్నావు. మీ యమ్మ రోకలి తియ్యి" అంది.

నాకు రాదన్నాను. వస్తాదిలే అంది. రోట్లో తలపెట్టి రోకటిపోటుకి భయపడితే ఎలా అని అమ్మ అంటూండేది. సరే, తీశాను.

ఇద్దరు దంపేటప్పుడు ఒక పద్ధతుంది. నాది లేచినప్పుడు ఆవిడది పడాలి, ఆవిడది లేచినప్పుడు నాది పడాలి. లయ తప్పితే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి, గింజలు బయటికి చిమ్ముతాయి. నేను నాలుగు పోట్లకే రొప్పడం మొదలుపెట్టాను. దించడంలో ఎంత బలం పెడుతున్నానో ఎత్తడంలోనూ అంతే బలం పెడుతున్నాను. "ఎత్తినప్పుడు బిగపట్టకే. సెయ్యి వదులుగా ఉంచు, అది తేలి వస్తాది. బలమంతా పడినప్పుడే" అంది అక్క. అలా చేసి చూస్తే రోకలి సగం బరువు తగ్గినట్టయింది. కాసేపటికి ఇద్దరి పోట్లూ కుదిరాయి. ఆ వసారాలో ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో.

అప్పుడు అడిగింది, ఆపకుండానే. "నిన్న దొరసాని కాడ సదివినావు కదా, అదే ఇప్పుడు సెప్పు. రోకలి పడినప్పుడు పెద్దమాట, లేచినప్పుడు సిన్నమాట."

మొదట నాకు అర్థం కాలేదు. అక్క తన రోకలి ఆపి, నా పోట్లకి తనే పలికి చూపించింది. 'గర్ల్' దగ్గర పోటు. 'వెంట్' దగ్గర పోటు. 'వెల్', 'పాట్', 'వాటర్'. మధ్యలో 'టూ ది' అని మేము అరిచేది 'టద' అయిపోయి, రోకలి లేచే ఊపిరిలో కలిసిపోయింది. 'పాట్ ఆఫ్' కాస్తా 'పాటవ్' అయింది. ఎంత మెత్తగా ఉందంటే, నేను రోజూ అరిచే పాఠం అదేనని నమ్మలేకపోయాను.

నాకు తొందర ఎక్కువ. పోటు పడే మాటలే అసలైనవని పట్టేసుకుని, "గర్ల్ వెంట్ వెల్ పాట్ వాటర్" అని దంచేశాను. అక్క నా రోకలి రోట్లో ఉండగానే దాని మీద చెయ్యి వేసి నొక్కిపట్టింది.

"మరి మిగతావేవి? సిన్నవని పారేసినావేటి? ఇప్పుడు ఎత్తకండా దంపు, సూద్దాం."

రెండు చేతులతో గుంజినా రోకలి కదల్లేదు. ఎత్తకుండా ఎవరు మాత్రం దంపగలరు. నాకు నవ్వొచ్చింది, అక్కకీ నవ్వొచ్చింది. అప్పుడు చెప్పిన మాట నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను.

"మన బాసలో సిన్నమాట పెద్దమాట సంకెక్కి కూసుంటాది. నూతికి అన్నావనుకో, ఆ 'కి' ఏరే నడవదు కదా. ఆల్ల బాసలో అది కిందికి దిగి నడుస్తాది. దిగినా పెద్దదాని సెయ్యి ఇడవదు. నువ్వేటి సేస్తన్నావు? దాన్ని ఒక్కదాన్నీ ఈదిలో నిలబెట్టి అరిపిస్తన్నావు. లేదంటే ఒదిలేసి ఎలిపోతన్నావు."

నేను ఏడ్చాను. పాఠం రాక కాదు. అమ్మ చంక దిగాక నా చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరు, వీధిలో నిలబడి అరుస్తున్నది నేనే. ఇంత వివరంగా అప్పుడు అనుకున్నానని చెప్పను గానీ, ఏడుపు మాత్రం అక్కణ్ణుంచే వచ్చింది. అక్క నా రోకలి మీద చెయ్యి తీసేసింది. తన రోకలి ఎత్తింది. ఎత్తాక నేనూ ఎత్తక తప్పలేదు. ముక్కు ఎగబీల్చుకుంటూనే పాఠమంతా దంపాను. అమ్మ పోయాక నేనూ, మొగుడు వదిలి వెళ్ళాక ఆవిడా, రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు ఉండేవాళ్ళం. ఆ రోజు మాత్రం ఎవరూ మొర పెట్టుకోలేదు, దంపుకున్నాం అంతే.

అక్క ఇచ్చి వెళ్ళిన దంపుడు బియ్యమే ఆ సాయంత్రం వండాను. నాన్న అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. రోటి వైపు చూశాడు. "ఇది మన రోట్లోదేటి?" అని అడిగాడు. అవునన్నాను. "మీ యమ్మ దంపినట్టే ఉన్నాది" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నన్ను అడిగిన మాట, నాతో అన్న మాట ఆ రెండే. గోడకి ఆనించిన తట్ట మళ్ళీ రోటి మీదికి వెళ్ళలేదు. అక్క ధాన్యం తెచ్చినప్పుడల్లా, ఆయన పనిలో ఉన్న వేళ చూసుకుని, ఇద్దరం దంపుతూ పుస్తకంలోని పాఠాలన్నీ ఆ రోట్లోనే వేశాం.

రెండోసారి దొరసాని ముందు నిలబడ్డప్పుడు చేతిలో రోకలి లేదు కదా. పరికిణీ మడతల వెనక పిడికిలి ఎత్తుతూ దించుతూ చదివాను. గొంతు సగానికి తగ్గించాను. నేను నూతి దాకా వచ్చేసరికే ఆవిడ తలూపడం మొదలుపెట్టింది. చదవడం అయ్యాక, "నూతికి పోయిన ఆ పిల్ల నీవేనా?" అంది. నా మాట ఒక పరాయి మనిషికి చేరడం నేను చూసింది అదే మొదలు. సీటు వచ్చింది.

స్టేషనుకి అక్క కూడా వచ్చింది. నా చేతిలో ఏమీ పెట్టలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "సెలవులకి వస్తావు కదా. రోలు ఎక్కడికీ పోదు" అంది. నాన్నకీ, ఆవిడకీ మధ్య చాలా ఎడం ఉండేట్టు నిలబడింది. రైలు కదిలాక కూడా ఆ ఎడం అలాగే కనిపించింది.

దసరా సెలవులకి వచ్చాను. స్టేషను దగ్గర దిగి పెట్టె నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ మా వీధి మలుపు తిరిగేసరికి మా వసారాలోంచి రోటి చప్పుడు వినిపించింది. ఒక పోటు. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఒక పోటు. తర్వాత ఏమీ లేదు. ఒక్క మనిషే దంపేటప్పుడు పోట్లు వెంటవెంటనే పడతాయి, పోటుకీ పోటుకీ మధ్య అంత సందు అక్కర్లేదు. అక్క మాత్రం రెండో రోకలి పడటానికి పట్టేంత సేపూ ఆగుతోంది. ఆ ఖాళీ నాదని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నాకు ఇంగ్లీషు వస్తే నేను వెళ్ళిపోతానని తెలిసే ఆవిడ నేర్పింది. జతకి ఉన్న ఒక్క మనిషినీ తన చేత్తోనే రైలెక్కించింది. పెట్టె వసారాలో దించి, అమ్మ రోకలి తీసుకుని, ఆ సందులో నా పోటు వేశాను. అక్క తలెత్తలేదు. "వచ్చినావా" అంది, అంతే.

ఆ తర్వాత నా చదువు సాగింది. విజయనగరంలో ఆడపిల్లల బళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తలనెరిశాక పని మానేసి అక్కడే ఒక మేడమీది గదిలో ఉంటున్నాను. ఈ మధ్య కింది వాటాలో పిల్లలు ఫోను ముందు కూర్చుని ఇంగ్లీషు పలకడం నేర్చుకుంటున్నారు. చిన్నమాటలు ఎంత తేలిగ్గా పలకాలో ఆ ఫోను చక్కగానే చెబుతుంది, నేను వంకపెట్టను. కానీ దానికి జతగా దంపేవాళ్ళు లేరు కదా అనిపిస్తుంది. నా మాట పాతమాట, వాళ్ళకి ఎక్కదు.

అక్క పోయినట్టు నాకు ఆలస్యంగా తెలిసింది. నాన్న అంతకు ముందే పోయాడు. ఆ ఇల్లు లేదు, రోలు ఏమైందో తెలియదు. ఇప్పుడు ఈ గదిలో నేనొక్కదాన్నే. సాయంత్రం పూట నా గొంతు నాకు వినపడటానికి ఏదో ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి పైకి చదువుకుంటాను. కుడిచెయ్యి ఒళ్ళో దానంతటదే లేస్తుంది, పడుతుంది. పెద్దమాట దగ్గర నా పోటు. చిన్నమాట దగ్గర నా చెయ్యి పైన ఉంటుంది, ఊపిరి వదులుగా ఉంటుంది. జంటగా దంపినవాళ్ళకి తెలుసు, మన రోకలి పైన ఉన్న ఆ క్షణంలోనే ఎదుటివాళ్ళది పడుతుంది. అందుకే ఆ చిన్నమాటల్ని నేను ఈనాటికీ గట్టిగా పలకను. పలికితే అక్క పోటు వినపడదు.