స్వాతి పిస్టల్‌కు ఏ కాలిబర్?

ఆత్మరక్షణ ప్రతి స్త్రీ హక్కని కరపత్రాల్లో చదివినవాణ్ణి. అందుకే ఈ జర్మన్ ఊరు పాడర్‌బోర్న్‌లో మా ఫ్లాట్‌మేట్ స్వాతి, బస్సు దిగాక నడవాల్సిన చీకటి దారికి భయపడి పార్ట్‌టైమ్ ఉద్యోగం మానేస్తానంటే నాకు ఆవేశం ఆగలేదు. ఆమె దగ్గర చిన్న పిస్టల్ ఉండాల్సిందేనన్నాను. కాలిబర్, అంటే తూటా సైజు, నైన్ ఎమ్ఎమ్ అయితేనే ఎదుటివాడు ఆగుతాడని నేను, చిన్న పిస్టల్‌లో అది చెయ్యి అదరగొడుతుంది, దానికన్నా మెత్తనిది త్రీ ఎయిటీ చాలని ఇంకో ఫ్లాట్‌మేట్ నవీన్. నేను బల్ల గుద్దితే చాయ్ ఒలికింది.

డ్యూటీకి బయల్దేరుతున్న స్వాతి ఆగి బల్ల తుడిచింది.

"ఈడ లైసెన్స్ ఎట్లాగూ ఇయ్యరు. ఇంత కొట్లాడిన్రు గదా, నేను ఏ స్టాప్‌ల దిగుతనో ఒక్కడన్నా అడిగిండా?"

"ఏ స్టాప్?" అన్నాడు నవీన్.

"శ్మశానం పక్కది."

సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి ఇద్దరం అక్కడే ఉన్నాం, ఇంకా వాదించుకుంటూ. మా మధ్య నడుస్తూ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. ఉద్యోగం మానదట. రేపటి నుంచి స్టాప్ దగ్గరికి ఎదురెళ్ళడానికి మేమిద్దరం వంతులు వేసుకున్నాం.

కాలిబర్ మాత్రం తేలలేదు. నా ఓటు ఇప్పటికీ నైన్ ఎమ్ఎమ్‌కే. పాడర్‌బోర్న్‌లో ఆ దారిన వెళ్ళేవాళ్ళుంటే చెప్పండి. వాదనకు రాకపోయినా పర్లేదు, నడకకు రండి.