కంపెనీ ఎరుపు, నా కొడుకు నాలుక

"అక్కా, ఇల్లు చిమ్మించు. బండి వెనకాల వస్తా ఉండాది" అన్నాడు నా తమ్ముడు వాకిట్లోనే నిలబడి. వేలూరు ఆసుపత్రి నుంచి వాడొక్కడే రైల్లో ముందుగా వచ్చాడు. నేను చీపురు అందుకున్నాను. బతికున్నవాణ్ణి తెచ్చే బండి కోసం ఇల్లు చిమ్మించమని ఎవరూ అనరు.

పోయిన నెల సంగతి ఇది. పోయినవాడు నా కొడుకు. గుడియాత్తంలో నేసేవాళ్లకు నూలు ఎర్రగా అద్ది ఇచ్చేవాడు. నేను చదివింది రెండో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. వాడి గురించి నేను రాయకపోతే ఎవరు రాస్తారు? మాకు రంగు అమ్మిన ఆ సీమ కంపెనీ రాస్తుందా?

మాది చిరివేరుతో ఎరుపు అద్దే ఇల్లు. ఆ వేరు ఏటి ఇసకలో తవ్వి తెచ్చేవాళ్లు. నూలును నూనెలో, బూడిదనీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, చివరికి వేరునీళ్లలో ఉడికించాలి. నెల పట్టేది. నీళ్లు సరిగా కుదిరాయో లేదో చెప్పవలసింది నాలుకే. నా కొడుకు వేలు ముంచి నాలుకకు రాసుకుని ఒక కన్ను మూసేవాడు. ఆ కన్ను తెరిచేదాకా ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు.

"అత్తా, నీ కొడుకును చూడు. కూరలో ఉప్పు చూడమంటే చూడడు. తొట్టి నీళ్లయితే రోజుకు పదిమాట్లు నాకతాడు" అనేది కోడలు.

"కూర చెడితే నేనొకణ్ణే తిడతా. రంగు చెడితే వీధంతా తిడతాది" అనేవాడు వాడు.

ఇంకో మాట కూడా అనేవాడు. "రంగు కంటికి అబద్ధం చెప్తాది గానీ నాలుకకు చెప్పదమ్మా." వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న మాట అది. సీమ కంపెనీ వచ్చేదాకా అది నిజమే.

కంపెనీ ఏజెంటు నల్లకోటు వేసుకుని వచ్చాడు. తెచ్చిన డబ్బాల మీద లక్ష్మీదేవి బొమ్మ. ఎన్ని సముద్రాల అవతలో చేసిన పొడి అది. నెల పని ఒక పూటలో అయిపోయింది. వీధి వీధంతా మురిసిపోయింది. నేనూ మురిశాను, అబద్ధమెందుకు. డబ్బాకు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టాను. ఖాళీ డబ్బాలు కడిగి చింతపండు పోసుకున్నాను. వేరు తవ్వేవాళ్లు పని లేక ఆర్కాడు వైపు తోళ్ల పనికి వెళ్లిపోయారు.

నా కొడుకు మాత్రం పద్ధతి మార్చలేదు. కంపెనీ రంగునూ నాలుకతోనే చూశాడు. "అమ్మా, ఇది వట్టి చేదు. ఏం చెప్తా ఉండాదో తెలీలా" అన్నాడు. తెలియడం లేదని ఇంకో నాలుగు సార్లు చూసేవాడు. ఏజెంటు ఎదుటే చూశాడు. ఆయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, "మా రంగు అంత రుచిగా ఉండాదాప్పా?" అన్నాడే గాని, వద్దని ఒక్క మాట అనలేదు. అంత పెద్ద కంపెనీకి డబ్బా మీద లక్ష్మిని అచ్చేయడానికి చోటు దొరికింది. దీన్ని నోట పెట్టుకోవద్దని రాయడానికి దొరకలేదు.

కొన్నేళ్లకు ఒకరోజు వాడు పెరట్లోంచి నవ్వుతూ వచ్చాడు. "అమ్మా, కంపెనీ రంగు నా లోపల కూడా పట్టుకుండాది. ఒంటికి పోతే ఎర్రగా వస్తా ఉండాది." మేమూ నవ్వాం. రంగుపని చేసే ఇంట్లో చెమటకు రంగుంటుంది, ఉమ్మికీ రంగుంటుంది. ఎరుపును చూసి అక్కడ ఎవరు భయపడతారు?

తరువాత యుద్ధం వచ్చింది. కంపెనీ వాళ్ల దేశానికీ, మనల్ని ఏలే దొరలకూ పడలేదట. మేం ఎవరితో కొట్లాడాం? డబ్బాలు ఆగిపోయాయి, ఏజెంటు మాయమైపోయాడు. వేరు తెచ్చేవాళ్లూ లేరు. నెలల తరబడి మా తొట్లు ఎండి పగుళ్లిచ్చాయి. ఇంట్లో ఏ రంగూ లేదు. అయినా నా కొడుక్కు ఎర్రగానే పోతోంది.

అది రంగు కాదని మాకప్పుడు తెలిసింది.

వేలూరులో డాక్టరమ్మ మూత్రసంచిలో రాచపుండని చెప్పింది. చేసే పనేమిటని అడిగింది. చెబితే వాడి వేళ్లూ నాలుకా చూపించమంది. వాడు ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూనే, కాస్త ఓపిక ఉన్న రోజుల్లో పెళ్లాన్ని తీసుకుని ఏటికి పోయి తానే వేరు తవ్వాడు. కూర్చోలేని రోజుల్లో మంచం మీద పడుకుని ఆమెకు పని నేర్పాడు. "తొందరపడిన ఎరుపు తొలి ఉతుక్కే పోతాది. నిదానంగా చూడు" అనేవాడు. కోడలు కూడా వేలు ముంచి నాలుకకు రాసుకుని, వాడిలాగే ఒక కన్ను మూసేది.

కర్మ అయిన మర్నాడు, ఇల్లింకా చుట్టాలతో ఉండగానే, ఆ ఏజెంటు మళ్లీ దిగాడు. యుద్ధం ముగిసిందట. కోటు కొత్తది, డబ్బా కొత్తది. లక్ష్మి బదులు ఇప్పుడు సరస్వతి.

"మీ పిల్లోడు మా కంపెనీకి రొంబ కావలసినవాడమ్మా" అన్నాడు. కోడలి వైపు తిరిగి, "ఇంగ నువ్వే గదా పని చూసుకోవాల. వేరు తవ్వుకుంటా ఎన్నాళ్లు బతుకుతావు?" అన్నాడు. చెంబులో నీళ్లడిగి పొడి కలిపాడు. రంగు ఎట్లా మెరుస్తోందో చూపడానికి తానే వేలు ముంచి పైకెత్తాడు.

కోడలు చెంబు వైపు చెయ్యి చాచింది. దానికి వాడు నేర్పిన అలవాటది. ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నాయనా, ముందు నువ్వు నాలుక మీద పెట్టుకో. మా ఇంట్లో రంగును అట్లే చూస్తాం" అన్నాను ఏజెంటుతో.

"అయ్యయ్యో, ఇది నోట పెట్టకూడదమ్మా!"

"ఎవురు చెప్పినారు?"

"మా కంపెనీలో అందరికీ తెలుసు" అనేశాడు. అన్నాక చుట్టూ చూశాడు.

కోడలు చెయ్యి నా చేతిలోంచి మెల్లగా వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

ఆయన వేలు కడుక్కోవడానికి నీళ్లడిగాడు. ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరూ లేవలేదు. డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. జేబులోంచి తెల్ల గుడ్డ తీసి వేలు తుడుచుకున్నాడు. గుడ్డ ఎర్రబడింది గాని వేలు తెల్లబడలేదు. వీధి మలుపు తిరిగేదాకా తుడుచుకుంటూనే పోయాడు.